చిలుక తలకిందులుగానే ఉండనీ

పార్సిల్ విప్పగానే నాకు ఒళ్ళు మండింది. పెట్టెలో కంప్యూటర్ లేదు, కంప్యూటర్ ముక్కలున్నాయి. అరచెయ్యంత పచ్చటి బోర్డు, బిస్కెట్టంత తెర, పల్లీ గింజలంత మీటలున్న కీబోర్డు, రెండు చిన్న కవర్ల నిండా మరలు. పాతకాలపు కంప్యూటర్ని చేతిలో ఇమిడేలా మళ్ళీ తయారుచేశామనీ, బిగించుకునే సరదా మాత్రం మీదేననీ ఒక కాగితం మీద అచ్చేసి పెట్టారు. సరదా అట! ఇరవై ఏడేళ్ళు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇతరుల తప్పులు పట్టే ఉద్యోగం చేసి, పోయిన ఏడాదే మానేసినదాన్ని. ఇప్పుడు నా తప్పులు నేనే చేసుకోవడానికి డబ్బిచ్చి మరీ తెప్పించుకున్నాను.

"అందరిళ్ళ ఆడోళ్ళూ ఈ వయసులో బంగారం కొనుక్కుంటారు, మా ఇంటామె బొమ్మ కొనుక్కునింది" అని మా ఆయన ఫోన్లో ఎవరికో చెప్పి పకపకా నవ్వారు. నవ్వనీ. హైస్కూల్లో నేను మొట్టమొదట ముట్టుకున్న కంప్యూటర్ లాంటిదే ఇది కూడా. ఆన్ చేస్తే బొమ్మలూ గిమ్మలూ రావు. ఏం చెయ్యమంటావో రాయి అన్నట్టు ఖాళీ తెర ఎదురుచూస్తుంది. దాన్ని ఇంకోసారి చూసుకోవాలని నాకు ఎన్నాళ్ళుగానో ఆశ.

బ్యాటరీలు మీరే కొనుక్కోవాలని ఆ కాగితం చివర చీమల్లాంటి అక్షరాల్లో ఉంది. మేముండే చందాపుర అంతా తిరిగాను. అన్ని కొట్లలోనూ టీవీ రిమోట్ సెల్లులే చేతిలో పెట్టారు. ఇక లాభం లేదని సోమవారం పొద్దున బెంగళూరులో చిక్కపేట బజారుకు వెళ్ళాను. తోపుడు బళ్ళనూ, మూటలు మోసేవాళ్ళ "సైడు, సైడు" కేకలనూ తప్పించుకుంటూ ఎలక్ట్రికల్ సామాన్ల సందులో దూరితే దొరికాయి, బొటనవేలంత లావు బ్యాటరీలు రెండు. "టార్చికా మేడం, డ్రోన్‌కా?" అన్నాడు కొట్టాయన. కంప్యూటర్‌కి అంటే నన్ను ఎగాదిగా చూశాడు.

తిరిగి వస్తుంటే చీరల హోల్‌సేల్ కొట్టు ముందు నుంచి ఎవరో పిలిచారు. మా నాన్న, ఆయన తరువాత మా చిన్నాయన నేసిన చీరలన్నీ వెళ్ళింది ఆ కొట్టుకే. ముసలి షావుకారు గల్లా దగ్గర నుంచే చెయ్యి ఊపుతున్నాడు. "బా తల్లీ, బా, కూర్చో" అని కన్నడం కలిపి పిలిచి కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. ఎప్పటిదో పెళ్ళి ఫొటో. పెళ్ళికూతురి చీర అంచున వరుసగా చిలుకలు, ఒక్కో చిలుక ముందు ఒక జామపండు. చూడగానే గుర్తుపట్టాను. అది మా నాన్న గీసిన అంచు.

"ఈ అమ్మ తన మనవరాళ్ళందరికీ ఇదే అంచు కావాలంటుంది. నేను ఇంకో నలుగురికి చూపిస్తే నలుగురూ కావాలన్నారు. ఈ చిలకలు తెస్తే మగ్గం ఎంత నేస్తే అంత నేను తీసుకుంటాను తల్లీ. మీ చిన్నాయనేమో అట్టలు లేవు, ఏమీ లేవు, శుక్రవారం మగ్గం అమ్మేస్తుండాను అంటాడు. నీకు తెలుసు కదా?"

నాకు తెలియదు. 

ఇక్కడ అట్టల సంగతి చెప్పాలి. చీర అంచున బొమ్మ దిగాలంటే మగ్గం పైన జాకార్డు పెట్టె ఉండాలి. దానికి చిల్లులు కొట్టిన అట్టలను దండలా కుట్టి తగిలిస్తారు. ఒక్కో వరుస నేతకు ఒక్కో అట్ట. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఆ అట్టలు కొట్టడానికి మా ఇంట్లో ఇద్దరు కూర్చునేవారు. గళ్ళ కాగితం మీద గీసిన బొమ్మను చూస్తూ ఒకరు చెప్పాలి, ఇంకొకరు కొట్టాలి. "మూడు కొట్టు, రెండు వదులు, ఒకటి కొట్టు" అని చెప్పడం చిన్నప్పుడు నా పని, కొట్టడం నాన్న పని. నేను ఎనిమిదో తరగతి పాసయ్యాక, ఆడపిల్లకు ఇక చదువు చాలు, రోజంతా మగ్గం దగ్గరే కూర్చో అన్నారు నాన్న. అప్పుడు మా చిన్నాయనకు ఇరవై నాలుగేళ్ళు. చందాపుర దగ్గర ఫ్యాక్టరీలో కొత్తగా ఉద్యోగం దొరికింది. నీలం రంగు యూనిఫారం కుట్టించుకుని, సైకిలెక్కి వెళ్ళడం మొదలుపెట్టి రెండు నెలలు కూడా కాలేదు. "పాపను బడికి పోనీ అన్నా, అట్టలు నేను చెప్తా" అన్నాడు. అని ఊరుకోలేదు, ఉద్యోగం మానేశాడు. ఆ యూనిఫారం కొన్నాళ్ళు చిలక్కొయ్యకు వేలాడి, తరువాత మగ్గం తుడిచే గుడ్డ అయింది. నేను బడికి వెళ్ళాను, కాలేజీకి వెళ్ళాను, కంప్యూటర్ల దగ్గరికి వెళ్ళాను. ఇదంతా నాకు ఎప్పుడూ గుర్తే. కానీ గుర్తుండడం వేరు, నోరు తెరిచి ఆయనకు చెప్పడం వేరు. అది మాత్రం ఒక్కనాడూ చెయ్యలేదు.

మంగళవారం పొద్దున్నే మా పుట్టింటి ఊరు ఆనేకల్‌కు బస్సెక్కాను. చిన్నాయన మగ్గం గుంట అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుని ఉన్నాడు. నేసే పని లేక మగ్గం మీద పడుగు దారాలు కూడా లేవు.

"నాకెందుకు చెప్పలేదు?" అని గుమ్మంలోనే మొదలుపెట్టాను.

"చెప్తే దుడ్డిస్తావు. వద్దంటే నువ్వు బేజారు పడతావు, తీసుకుంటే నేను బేజారు పడతా. ఏమిటికి ఈ గలాటా అని సుమ్మనే ఊరుకున్నా."

"మరి చిలుకల అట్టలేమయ్యాయి?"

 మా చిన్నమ్మ వంటింట్లోంచి వచ్చి, చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ, స్నానాల గది వైపు చూపించింది. అక్కడ నీళ్ళు కాగే హండా ఉంది. అమ్ముడుపోని డిజైన్ల అట్టలు మా ఇంట్లో ఆ హండా కింద పొయ్యిలోకే పోయేవి. మందపాటి అట్ట, బాగా మండుతుంది. మేమందరం పిల్లప్పటి నుంచి పువ్వులతోనూ ఏనుగులతోనూ కాగిన నీళ్ళే పోసుకున్నాం.

"మీ నాయన దినాలప్పుడు" అన్నాడు చిన్నాయన చివరికి. "విడవని వాన. కట్టెలన్నీ తడిసి ఊరికే పొగ. ఇంటినిండా చుట్టాలు, అందరికీ నీళ్ళు కాగాల గదా. చిలకల్ని అడిగేవాళ్ళే లేరని నా చేత్తోనే పొయ్యిలో పెట్టినా. ఆయప్ప దినానికి ఆయప్ప చిలకలతోనే నీళ్ళు కాచినా పాపా." గళ్ళ కాగితం చెదలు తినేసిందని చిన్నమ్మ చెప్పింది. ఫొటో చూసి మళ్ళీ గీయించవచ్చు కదా అన్నాను. "ఫొటోలో దారాలు లెక్కపెట్టేకి అవుతుందా? చిలకను ఎవరైనా గీస్తారు, మీ నాయన చిలకను ఎవరు గీస్తారు?" అన్నాడు.  అన్నం తినమంటే తినకుండా తిరిగొచ్చాను. అందుకు చిన్నమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ కోపమంతా ఆ బొమ్మ కంప్యూటర్ మీద చూపించాను. భోజనాల బల్ల మీద ముక్కలన్నీ పరిచి బిగించడం మొదలుపెట్టాను. మెమరీ కార్డు తిరగేసి పెట్టాను. తెర నుంచి వచ్చే పట్టీలాంటి వైరును దాని గాడిలో పెట్టి గొళ్ళెం నొక్కడం మరిచిపోయాను. అంతా బిగించి స్విచ్చి వేస్తే చీకటి. మళ్ళీ మరలన్నీ ఊడదీశాను. ఇతరుల తప్పులు పట్టి ఇన్నేళ్ళు జీతం తీసుకున్నందుకు సిగ్గేసింది. రెండోసారి స్విచ్చి వేస్తే నల్లటి తెర మీద రెడీ అన్న మాట, దాని కింద మిణుకుమిణుకుమనే చిన్న తెల్ల గడి. అబ్బ! నా ప్రాణం లేచొచ్చింది. రెండు బొటనవేళ్ళతో ఆ గింజ మీటలు నొక్కుతూ, నా పేరు తెర నిండా పడేలా రెండు లైన్ల ప్రోగ్రాం రాశాను. పద్నాలుగేళ్ళప్పుడు నేను రాసిన మొదటి ప్రోగ్రాం అదే. రెండోది ఏమిటి అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, నా రెండో ప్రోగ్రాం చిలుక.

మా హైస్కూలుకు ఒక కంప్యూటర్ ఇచ్చారు. దాన్ని మా లెక్కల టీచరమ్మ కన్నబిడ్డలా చూసుకునేవారు. ఆ రోజుల్లో ప్రోగ్రాములు దాచుకునేది పాటల క్యాసెట్లలోనే. టేప్‌రికార్డర్‌లో పెట్టి వింటే కీచుమని అరుపు తప్ప ఏమీ వినిపించదు. ఆ అరుపులోనే అంకెలన్నీ ఉంటాయి. మీ ఇంట్లో అట్టలు కూడా కంప్యూటరే కదా, చిల్లు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా అని టీచరమ్మ ఒకసారి అన్నారు. అది నా తలకు పట్టుకుంది. అప్పుడే ఇంట్లో చిలుకల అంచుకు కొత్త అట్టలు కొడుతున్నారు. చిన్నాయన చెబుతూ, నాన్న కొడుతూ ఉంటే నేను పక్కన కూర్చుని నోటుబుక్కులో ఒకట్లూ సున్నాలూ రాసుకున్నాను. నూట అరవై వరుసలు. వాటిని బళ్ళో కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఒక టర్మంతా పట్టింది. చివరికి అందరి ముందూ నడిపిస్తే తెర మీద చిలుక తలకిందులుగా వచ్చింది. క్లాసంతా విరగబడి నవ్వింది. ఒక్క లైను మారిస్తే సరిపోతుందే అన్నారు టీచరమ్మ. నేను మూతి ముడుచుకుని మార్చలేదు. అలాగే క్యాసెట్‌లో దాచేశాను.

ఆ క్యాసెట్ నా మార్కుల కార్డులతో పాటు ట్రంకుపెట్టెలో ఉంది. ఇల్లు మారిన ప్రతిసారీ మా ఆయన పారేద్దామనేవారు. నేను పడనివ్వలేదు. ఎందుకో అప్పుడు నాకూ తెలియదు.

లాప్‌టాప్‌తో కూడా ఈ పని అయ్యేదే, ఒప్పుకుంటాను. కానీ ఆ పాత కంప్యూటర్ భాష అక్షరం పొల్లుపోకుండా తెలిసిన బొమ్మ నా చేతిలోనే ఉంది. క్యాసెట్ నడపడానికి టేప్‌రికార్డర్ చిన్నాయన దగ్గరే ఉంది, నేస్తూ పాటలు వినేది. గురువారం మళ్ళీ ఆనేకల్ వెళ్ళాను. టేప్‌రికార్డర్ నుంచి బొమ్మలోకి ఒక వైరు కలిపాను. లోపలికి వెళ్ళే చప్పుడు మాకూ వినిపించేలా బొమ్మ స్పీకర్ పెట్టి, మీట నొక్కాను.

రేకు మీద గోటితో గీరినట్టు అరుపు మొదలైంది. చిన్నమ్మ చెవులు మూసుకుంది. కాసేపటికి తెర మీద తప్పు అని వచ్చింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తప్పు. సౌండ్ పెంచాను, తగ్గించాను. టేప్ నడిచే దారిని దూదితో తుడిచాను. తప్పు. రేపు శుక్రవారం, మగ్గం విప్పడానికి టెంపో వస్తుంది.  ఇదేమి పాపా ఇట్ల అరుస్తుండాది అని చిన్నాయన ఏదో అడగబోతే, "కాసేపు నోరు మూసుకో చిన్నాయనా!" అని కసిరేశాను. జన్మలో ఆయన్ని అంత మాట అన్నది అదొక్కసారే.

ఆయన నిజంగానే నోరు మూసుకున్నాడు. తల ఒక పక్కకు వంచి ఆ అరుపు వింటూ కూర్చున్నాడు. మగ్గం నడుస్తుంటే ఎక్కడో ఒక దారం తెగితే చూడకుండానే చప్పుడుతో పట్టేసే మనిషి. నాలుగోసారి కూడా తప్పు వచ్చాక మెల్లగా అన్నాడు. "పాపా, ఆ అరుపు ఒక తీరుగా లేదు. ఉండి ఉండి సాగుతుండాది. లోపల యాడో పట్టీ వదులయింది."

టేప్‌రికార్డర్ వెనక మూత తీస్తే నిజమే. చక్రాలను తిప్పే రబ్బరు పట్టీ సాగిపోయి ఉంది. ఇది ఇప్పుడెక్కడ దొరుకుతుంది అని నేను తల పట్టుకున్నాను. "రాట్నం తాడు వదులైతే నీళ్ళల్లో తడిపితే బిగుస్తాది. దీన్ని కాగే నీళ్ళల్లో వేసి చూస్తాం, పోయిందేముంది" అని చిన్నాయన ఆ పట్టీని తీసుకుని హండా దగ్గరికి వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళాను. చిలుకలు కాలిన పొయ్యి పక్కనే, చెంబుతో తోడుకున్న మరిగే నీళ్ళలో పట్టీ వేసి, ఇద్దరం చిన్నపిల్లల్లా తొంగిచూస్తూ కూర్చున్నాం. తీసి ఆరబెట్టి బిగిస్తే పట్టీ గట్టిగా పట్టుకుంది.

ఈసారి అరుపు ఒకే తీరుగా సాగింది. చిన్నాయన తల ఊపాడు. టేపు చివరిదాకా వెళ్ళి టక్కుమని ఆగింది. తెర మీద తప్పు అని రాలేదు, రెడీ అని వచ్చింది. నడిపించాను. బిస్కెట్టంత తెర మీద ఒక్కో వరుసే దిగుతూ నాన్న చిలుక వచ్చింది, తలకిందులుగా.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కళ్ళు తుడుచుకుంటూ, "ఆగు చిన్నాయనా, ఒక్క లైను మారిస్తే నిటారుగా నిలబడుతుంది" అని మీటల మీద చెయ్యి పెట్టాను.

"మార్చొద్దు, మార్చొద్దు! ఉండనీ అట్లనే" అని చిన్నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ నాయన ఎప్పుడూ కింది వరుసనుంచి కదా కొట్టేది. నేను చెప్పిందీ అట్లనే. మొదటి అట్ట పైన ఉండాది, చివరి అట్ట కింద ఉండాది. ఇది చిలక కాదు పాపా, ఇది అట్టల వరస. సరిగ్గానే ఉండాది." క్లాసంతా నవ్విన తప్పు తప్పు కాదని తెలియడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నేను చిలుక బొమ్మను రాసుకోలేదు, చిన్నాయన చెప్పినదాన్ని చెప్పిన వరుసలో రాసుకున్నాను.

ఆ సాయంత్రం అక్కడే ఉండిపోయాను. మీట నొక్కిన ప్రతిసారీ ఒక్క వరుస మాత్రమే పెద్ద గళ్ళుగా కనబడేలా చిన్న ప్రోగ్రాం రాశాను. మీట నొక్కుకుంటూ నువ్వే చూసి కొట్టుకోవచ్చు, ఇంకో మనిషి అక్కర్లేదు అని గొప్పగా చూపించాను. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలోనే పెట్టేశాడు. "బాగుండాది. నువ్వే చెప్పు" అన్నాడు.

శుక్రవారం పొద్దున కొట్టడానికి కూర్చున్నాం. నేను ఆయనకెదురుగా, ఒళ్ళో బొమ్మ పెట్టుకుని. చిన్నాయన ముందు కొత్త అట్టల కట్ట, చేతిలో నాన్న సుత్తి, నాన్న ఉలి. "రెండు వదులు, నాలుగు కొట్టు, ఒకటి వదులు" అని మొదలుపెడితే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సుమారు డెబ్భయ్యో వరుస దగ్గర వాకిట్లో టెంపో ఆగింది. మగ్గం విప్పడానికి ఇద్దరు మనుషులు స్పానర్లతో దిగారు. చిన్నమ్మ గుమ్మంలో నిలబడి ఆయన వైపు చూసింది. చిన్నాయన తల కూడా ఎత్తలేదు. "అట్టలు కొడుతుండాము, కనబళ్ళేదా అప్పా? కొత్త డిజైను. మగ్గం ఇచ్చేది లేదు, పోయి రాండి" అన్నాడు. టెంపో వెనక్కి తిరిగి వెళ్ళిన చప్పుడు వినిపించింది.

తరువాతి సంగతి తొందరగా చెప్పేస్తాను. షావుకారు మాట నిలబెట్టుకున్నాడు. పెళ్ళి ఫొటో ఆవిడ మనవరాళ్ళ చీరలు అయిపోయాయి, ఇంకా అడుగుతున్నారు. మగ్గం ఆడుతోంది. కానీ నేను రాయాలని కూర్చున్నది ఆ శుక్రవారం సంగతే.

టెంపో వెళ్ళిపోయాక మళ్ళీ మొదలుపెట్టాం. చిలుక ముక్కు మొదలయ్యే వరుసల దగ్గర ఒక విషయం గమనించాను. నేను "మూడు" అనేలోపే సుత్తి మూడు దెబ్బలు పడుతోంది. "వదులు" అనకముందే ఉలి జరుగుతోంది. అనుమానం వచ్చి చెప్పడం ఆపాను. చిన్నాయన ఆగలేదు. పెదవులు కదులుతున్నాయి, చెయ్యి కొడుతోంది. నేను తెర చూస్తూ సరిపోల్చుకున్నాను. ఒక్క చిల్లు తప్పలేదు. ఆ వరుసలన్నీ ఒకప్పుడు ఆయన నోటితో చెప్పినవే. నేను బళ్ళో కూర్చోవడానికి, ఫ్యాక్టరీ మానుకుని వచ్చి, ఈ చోటే కూర్చుని చెప్పినవి. నా గొంతులో వినేసరికి ఆయన చేతికి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి.

అప్పుడు నోరు తెరిచాను. "చిన్నాయనా, నువ్వు ఆ ఉద్యోగం మానుకోకపోతే నేను..." అన్నాను. 

ఆ వరుస అయిపోయింది. చిన్నాయన ఇంకో అట్ట తీసి ముందు పెట్టుకుని, సుత్తి పట్టుకుని, నా వైపు చూశాడు.

"అది అప్పుడే అయిపోయింది. చెప్పు పాపా, ఎందుకు నిలిపినావు?"

మీట నొక్కాను. తరువాతి వరుస వచ్చింది. "రెండు కొట్టు" అన్నాను.